నాకు పద్దెనిమిది, చెల్లికి డెబ్బై నాలుగు

మా ఇద్దరికీ ఒకే రోజు, ఒకే ఆస్పత్రిలో, ఒకే డాక్టరుగారు ఆపరేషన్ చేశారు. పొద్దున తొమ్మిదింటికి నన్ను లోపలికి తీసుకెళ్ళారు, పదకొండింటికి మా చెల్లిని. ఇద్దరికీ గాల్ బ్లాడర్లో రాళ్ళే. తెనాలిలో ఆ ఆస్పత్రి రెండో అంతస్తు గదిలో కిటికీ పక్క మంచం నాది, తలుపు పక్క మంచం దానిది. మధ్యలో అమ్మ కూర్చోడానికి ఒక ప్లాస్టిక్ కుర్చీ. ఆ కుర్చీ ఎవరి వైపు తిరిగి ఉందో చూస్తూ నేను ఆ నాలుగు రోజులూ గడిపాను. నలభై ఏడేళ్ళు వచ్చి, బాపట్లలో పిల్లలకి పాఠాలు చెప్పే మనిషినై ఉండి, ఇలా రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ సిగ్గుపడితే ఇది రాయలేను.

అసలు ముందు రాళ్ళు వచ్చింది నాకు. ఒక పెళ్ళి భోజనం చేసి వచ్చిన మధ్యాహ్నం కుడివైపు డొక్కల కింద పట్టేసి, వీపులోకి పాకి, గోడకి తల ఆనించి నిలబడ్డాను. మా ఆయన ఆటోలో తీసుకెళ్ళి స్కానింగ్ చేయించారు. మూడు రాళ్ళున్నాయి, బ్లాడర్ తీసెయ్యాలన్నారు. ఆ సాయంత్రం రేపల్లెకి ఫోన్ చేశాను. అమ్మ అక్కడే చెల్లి దగ్గర ఉంటుంది. ఫోన్ చెల్లి ఎత్తింది.

"అవునా అక్కా? నాకూ ఆర్నెల్ల నుంచి అక్కడే పట్టేసినట్టు ఉంటోంది. గ్యాసేమోలే అనుకుంటున్నా" అంది.

నాకు ఒళ్ళు మండింది. చివరికి ఈ జబ్బు కూడా నన్ను ఒక్కదాన్నే పడనివ్వదా అనుకున్నాను. మూడో రోజు అదీ స్కానింగ్ చేయించుకుంది. అమ్మ ఫోన్ చేసి, "చిన్నదానికి నిండా ఉన్నాయంట! లెక్కపెట్టడానికి కూడా వీల్లేదంట. నీవి మూడేగా" అంది. ఆ "మూడేగా" అన్న మాట చాలా రోజులు చెవిలో ఉండిపోయింది.

అమ్మ సంగతి కొంచెం చెప్పాలి. రేపల్లెలో మిషన్ ఆస్పత్రిలో ఆయాగా చాలా ఏళ్ళు చేసింది. నర్సమ్మల వెనకాల తిరిగి తిరిగి సగం నర్సు అయిపోయింది. ఒంట్లో ఏదైనా ఉంటే అది ఏదో ఒకచోట అంకెగా కనబడి తీరాలని దాని నమ్మకం. మా చిన్నప్పుడు ఇంట్లో పప్పూ ఉప్పూ లేకపోయినా థర్మామీటరు ఉండేది. చెల్లికి జ్వరం వస్తే పాదరసం గబగబా పైకి ఎక్కేది. అమ్మ సెలవు పెట్టి దాని పక్కన కూర్చునేది. నాకు వచ్చేవి తలనొప్పులు. కళ్ళు తెరవలేనంత వచ్చేవి. థర్మామీటరు పెట్టి చూసి, "నార్మలే. లేచి స్కూలుకి పో" అనేది. నేను పోయేదాన్ని. అమ్మ నన్ను తక్కువ చూసిందని అనను. దానికి కనబడింది అది నమ్మింది. కనబడనిది మాత్రం ఎప్పుడూ నాకే ఎందుకు వస్తుందో నాకు అర్థమయ్యేది కాదు.

ఇద్దరికీ ఒకేసారి తెనాలిలో చేయించేద్దామన్నది అమ్మ ఆలోచనే. అటు బాపట్ల రైలూ ఇటు రేపల్లె రైలూ రెండూ అక్కడికే వస్తాయి, ఒకే గదిలో ఇద్దర్నీ తనే చూసుకోవచ్చు. మా ఆయనకీ, మా మరిదిగారికీ కూడా అదే సుఖమనిపించింది.

ఆపరేషన్ అయిన రోజు నాకు సరిగా గుర్తులేదు. మర్నాడు మాత్రం బాగా గుర్తుంది. పొట్ట మీద నాలుగు చిన్న చిల్లులు. చూడ్డానికి ఏమీ లేనట్టే ఉన్నాయి. కానీ బొడ్డు దగ్గర చిల్లు లోపల ఎవరో కొక్కెం పెట్టి లాగుతున్నట్టు ఉండేది. ఆపరేషన్ కోసం పొట్టలోకి పంపిన గ్యాస్ వల్ల కుడి భుజం పైన కూడా ఒకటే నొప్పి. దగ్గలేను, నవ్వలేను, పక్కకి తిరగలేను. "అమ్మా" అని మూలుగుతూ ఉన్నాను. పక్క మంచం మీద చెల్లి లేచి కూర్చుని, జడ విప్పి దువ్వుకుంటోంది. రేపల్లెలో జాకెట్లు కుట్టే షాపు దానిది. తన పొట్ట మీద కుట్లు వంగి చూసుకుని, "ఇదేం కుట్టమ్మా, నా దగ్గర నేర్చుకునే పిల్లలు ఇంతకన్నా బాగా వేస్తారు" అని నర్సుని నవ్వించింది. నర్సు నా వైపు తిరిగి, "చూడండి మేడం, మీ సిస్టర్ ఎంత ధైర్యంగా ఉన్నారో" అంది.

రెండో రోజు పొద్దున ఇద్దరికీ రక్తం తీశారు. మధ్యాహ్నం డాక్టరుగారు రిపోర్టులు పట్టుకుని వచ్చారు. ముందు నా దగ్గరికొచ్చి, "మీకు సి.ఆర్.పి. పద్దెనిమిది. చాలా బాగుందమ్మా" అన్నారు. అంతే. కాగితం నా మంచం మీద పెట్టి చెల్లి దగ్గరికి వెళ్ళారు. అక్కడ మంచం అంచున కూర్చున్నారు. "మీకు డెబ్బై నాలుగు ఉందమ్మా" అంటూ మొదలుపెట్టారు.

అమ్మ లేచి నిలబడింది. "డెబ్బై నాలుగంటే ఎక్కువేనాండి?"

"ఒంట్లో ఎక్కడైనా వాపు ఉంటే లివర్ ఈ ప్రోటీన్‌ని రక్తంలోకి వదుల్తుందమ్మా. ఆపరేషన్ అంటేనే గాయం కదా, ఎవరికైనా పెరుగుతుంది. రెండు మూడు రోజులకి దిగడం మొదలవ్వాలి. ఈమెకి బ్లాడర్ బాగా అతుక్కుపోయి ఉంది, విడదియ్యడానికి కొంచెం ఎక్కువ పనైంది. అందుకని పెరిగి ఉండొచ్చు. రేపు మళ్ళీ చూద్దాం." చెల్లి వైపు తిరిగి, "నొప్పి ఎలా ఉంది?" అని అడిగారు.

"పర్లేదండి. ఓర్చుకోగలను" అంది చెల్లి.

"డాక్టరుగారూ" అని నేను పిలిచాను. "నాకు చాలా నొప్పిగా ఉందండి. ఊపిరి గట్టిగా తీస్తే ఇక్కడ..."

"ఉంటుందమ్మా. నొప్పి వేరు, ఈ అంకె వేరు. రెండూ కలిసి నడవాలని లేదు. మాత్ర రాస్తాను" అన్నారు. ఆయన మంచిగానే చెప్పారు, నిజమే చెప్పారు. కానీ అమ్మకి ఆ మాట చేరలేదు. దానికి చేరింది డెబ్బై నాలుగు. కుర్చీ తీసుకెళ్ళి తలుపు వైపు మంచం పక్కన వేసుకుంది.

నా రిపోర్టు నేను నాలుగుసార్లు చదివాను. ఎక్కడైనా ఇంకో అంకె లావు అక్షరాల్లో ఉందేమోనని వెతికాను. అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. మనిషన్నవాళ్ళు అలాంటి కాగితం చూసి దేవుడికి దణ్ణం పెట్టుకుంటారు. నేను డెబ్బై నాలుగు నాకెందుకు రాలేదని ఏడ్చుకున్నాను. సాయంత్రం మా చర్చి పాస్టరుగారు చూడ్డానికి వచ్చి ఇద్దరికీ ప్రార్థన చేశారు. నా తల మీద చెయ్యి పెట్టి చేసింది చిన్న ప్రార్థన. చెల్లి దగ్గర అమ్మ డెబ్బై నాలుగు సంగతి చెప్పింది. అక్కడ ప్రార్థన ఎంతకీ అవ్వలేదు. కళ్ళు మూసుకోవాల్సిందాన్ని, గోడ మీద గడియారం చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు చెల్లి అంకె అరవై ఒకటికి దిగింది. నాలుగో రోజు ఇద్దర్నీ ఇంటికి పంపేశారు. పంపేటప్పుడు డాక్టరుగారు చెల్లికి ప్రత్యేకంగా చెప్పారు. "రెండు రోజులయ్యాక రేపల్లెలోనే ఈ పరీక్ష మళ్ళీ చేయించుకోండి. జ్వరం వచ్చినా, భుజం నొప్పి తగ్గకపోయినా, పొట్ట ఉబ్బరించినా వెంటనే ఫోన్ చెయ్యండి." అమ్మ చెల్లితో రేపల్లె వెళ్ళిపోయింది. కారెక్కుతూ నాతో, "నీకు బాగానే ఉందిగా, అల్లుడుగారు చూసుకుంటారు" అంది. మేం బాపట్ల వచ్చేశాం.

మా ఆయన నిజంగానే చూసుకున్నారు. నూనె లేకుండా బీరకాయ కూర, చారు, మెత్తటి అన్నం వండిపెట్టారు. భుజం నొప్పి ఇంటికొచ్చిన మర్నాటికే మాయమైంది. బొడ్డు దగ్గర కొక్కెం మాత్రం అలాగే ఉంది. రోజూ అమ్మకి ఫోన్ చేసేదాన్ని. "దానికి ఎలా ఉంది?" అని నేను అడగకముందే చెప్పేది. ఇడ్లీ ఎన్ని తింది, ఎంతసేపు పడుకుంది, చుట్టుపక్కల ఎవరెవరు చూడ్డానికొచ్చారు, అన్నీ. నేనెలా ఉన్నానని చివర్లో అడిగేది. అడిగి, తనే "బాగానే ఉంటావులే" అనేది.

మూడో రోజు మధ్యాహ్నం చెల్లే ఫోన్ చేసింది. అటూ ఇటూ మాట్లాడాక, ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది. "అక్కా, నీకు ఆ భుజం నొప్పి తగ్గిందా?"

తగ్గిపోయి రెండు రోజులైంది. ఆ మాట చెప్పాలి. కానీ అది అడిగిన తీరులోనే దానికింకా ఉందని నాకు తెలిసిపోయింది. అంకె దానిదే ఎక్కువ, రాళ్ళు దానివే ఎక్కువ, అమ్మ దాని దగ్గరే ఉంది. ఇప్పుడు నొప్పిలో కూడా నన్ను దాటిపోతుందా? నాకు మిగిలిందల్లా ఆ నొప్పి ఒక్కటే. దాన్ని వదులుకోవడానికి నాకు నోరు రాలేదు.

"ఎక్కడ తగ్గిందే? ఇంకా అలాగే ఉంది. పక్కకి తిరిగితే ప్రాణం పోతోంది" అన్నాను.

"హమ్మయ్య" అంది చెల్లి. "అయితే అందరికీ ఉండేదేలే. నాకూ ఉంటే ఏంటో అని భయపడ్డా. ఈరోజు పరీక్షకి వెళ్ళాలి, ఈ ఎండలో ఏం వెళ్తాంలే, రెండు రోజులు ఆగి వెళ్తా."

నేను "వెళ్ళు" అనలేదు. "సరే" అన్నాను. ఫోన్ పెట్టేశాక ఏదో తప్పు చేశానని అనిపించిందా అంటే, అనిపించలేదు. గెలిచినట్టు అనిపించింది. ఉన్నది ఉన్నట్టు రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఆ తర్వాత రెండో రోజు పొద్దున్నే అమ్మ ఫోన్. చెల్లికి వణుకుతూ జ్వరం వచ్చింది, పొట్ట కుండలా ఉబ్బింది, కళ్ళు పచ్చగా ఉన్నాయి, తెనాలి తీసుకెళ్తున్నాం అంది. అమ్మ గొంతులో అంకెలు లేవు. ఏడుస్తోంది. నేను కుట్లు తీయించుకోవడానికి ఇంకో మూడు రోజులుంది. మా ఆయన వద్దంటున్నా వినకుండా, దిండు పొట్టకి అదిమి పట్టుకుని పాసింజరు ఎక్కాను. నిడుబ్రోలు దాటేవరకూ పట్టాల మీద ప్రతి కుదుపూ బొడ్డులో తగిలింది. ఒక ముసలామె నా మొహం చూసి, "ఏమ్మా, ఒంట్లో బాలేదా? ఇలా నడుం వాల్చు" అని జరిగింది. వద్దండి అన్నాను. వాలడానికి నాకు అర్హత లేదనిపించింది.

ఆస్పత్రికి వెళ్ళేసరికి మా మరిదిగారు మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. "రెండు వందల పన్నెండంట వదినా" అన్నారు. నాకు ఏమిటని అడగాల్సిన పని లేకపోయింది. లోపల ఎక్కడో చిన్న గొట్టం దగ్గర పైత్యరసం కారుతోందట, లివర్ కింద చేరి చీము పడుతోందట. గుంటూరు నుంచి ఇంకో డాక్టరుగారు వచ్చి, నోట్లోంచి కెమెరా పంపి, కారే దారికి సన్నటి గొట్టం అమర్చారు. పొట్ట పక్కనుంచి ఒక పైపు వేసి, చేరిన నీళ్ళన్నీ సంచీలోకి తీశారు. రెండు రోజులు ముందొచ్చుంటే ఇంత అయ్యేది కాదని డాక్టరుగారు అన్నారు. ఎవర్నీ తప్పుపట్టినట్టు కాదు, మామూలుగా అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం దానికి కొంచెం తెలివొచ్చింది. అమ్మ కింద మందుల షాపుకి వెళ్ళింది. గదిలో మేమిద్దరమే.

"నీకు అబద్ధం చెప్పాను" అన్నాను.

"ఏం అబద్ధం?"

"భుజం నొప్పి. నువ్వు ఫోన్ చేసేటప్పటికే నాకు తగ్గిపోయింది."

అది తల ఇటు తిప్పి చూసింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "ఎందుకక్కా?" అంది.

"నొప్పి కూడా నీదే ఎక్కువైతే ఇంక నాకేం మిగల్దు అనిపించింది."

"నీకూ ఉందన్నావని నేను పరీక్షకి వెళ్ళలేదు."

"తెలుసు."

"నువ్వు కొంచెంసేపు బయట కూర్చో" అంది. గొంతు పెంచలేదు. మొహం అటు తిప్పుకుంది.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. అమ్మ మందులు పట్టుకుని పైకి వచ్చింది. దానికీ చెప్పేశాను, మొత్తం, చిన్నప్పటి తలనొప్పుల దగ్గర్నుంచి. మధ్యలో ఆపకుండా విన్నది. నన్ను కొడుతుందేమో అనుకున్నాను, కొట్టినా బాగుండేది. "దానికి చెప్పావా?" అని అడిగింది. చెప్పానన్నాను. "అయితే ఇంక నాకెందుకు చెప్పడం? లోపలికి పద. దూది తడిపి దాని పెదాలు తుడవాలి. నేను ఈ మందులు నర్సుకివ్వాలి" అంది.

వెళ్ళి తుడిచాను. చెల్లి కళ్ళు తెరవలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను దుప్పటి సర్దితే ఊరుకునేది, నీళ్ళు పట్టిస్తే తాగేది, మాట మాత్రం లేదు. సంచీలో ఎంత చేరిందో కొలిచి నర్సుకి చెప్పే పని నాది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ రెండు రోజుల్లో కూడా, అమ్మ దాని అరికాళ్ళు ఒత్తుతూ ఉంటే, నా లోపల ఆ పాత మంట ఒకసారి పైకొచ్చింది. అంత జరిగాక కూడా వచ్చింది. దాన్ని చూసి నాకే భయమేసింది.

మూడో రోజు రిపోర్టు నేనే కిందనుంచి తెచ్చాను. చెల్లి మొహం ఇటు తిప్పింది. "ఎంతొచ్చింది?"

"నూట ముప్పై. దిగుతోంది."

"అప్పుడు నీదెంత?"

"పద్దెనిమిది."

"పద్దెనిమిదికే అంత అరిచావా?" అంది. నవ్వొచ్చి, పైపు దగ్గర నొప్పి పుట్టి, చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగాక అడిగింది. "నిజం చెప్పక్కా. అంత నొప్పి నిజంగానే ఉందా?"

"నిజంగానే ఉంది. ఇప్పుడూ ఉంది."

"నాకు అప్పుడు నిజంగానే లేదు. ధైర్యం కాదు, ఏం కాదు. మొదటి రోజుల్లో అంతగా లేదు, అంతే. నువ్వు అమ్మ కోసం నటిస్తున్నావనుకున్నాను. ఒకసారి అమ్మతో కూడా అన్నాను." పైపు మీంచి చెయ్యి తియ్యకుండానే, "నువ్వు చేసింది మాత్రం నేను మర్చిపోలేను. అది చెప్తున్నా" అంది.

"మర్చిపోవద్దు" అన్నాను.

తల దువ్వమంది. చిక్కులు పడి ఉంది జుట్టు. మంచం చివర కూర్చుని మెల్లిగా దువ్వాను.

ఇరవై రోజులకి దాని పైపు తీసేశారు. ఇంకో నెలకి లోపలి గొట్టం కూడా తీసేశారు. ఆ రోజు తెనాలిలోనే నాకూ చూపించారు. రక్తపరీక్ష చేస్తే నాకు రెండు. అసలు ఏమీ లేనట్టే. కానీ బొడ్డు పక్కన కొక్కెం ఇంకా ఉంది. క్లాసులో బోర్డు మీద పైకి రాయడానికి చెయ్యి ఎత్తితే చాలు, లాగేది. డాక్టరుగారు ఈసారి కాగితం పక్కన పెట్టారు. నన్ను పడుకోబెట్టి, తల మాత్రం కొంచెం పైకెత్తమని, మచ్చ పక్కన ఒకే ఒక్క చోట వేలితో నొక్కారు. నేను గదంతా వినబడేట్టు అరిచాను.

"ఇక్కడ సన్నటి నరం ఒకటి మచ్చలో చిక్కుకుని ఉంటుంది. ఇది రక్తపరీక్షలో దొరకదమ్మా" అన్నారు. అక్కడే ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. పావుగంటకి నేను లేచి నిటారుగా నిలబడ్డాను. రెండు నెలల తర్వాత మొదటిసారి. అమ్మ, చెల్లి ఇద్దరూ గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నారు. అమ్మ లోపలికి వచ్చింది. నా చెప్పులు వంగి తీసి నా కాళ్ళ ముందు పెట్టింది.

ఇంజెక్షన్‌తో పూర్తిగా పోలేదు. ఇంకోసారి చేయించుకోవాల్సి వచ్చింది, ఆ తర్వాత నెమ్మదిగా తగ్గింది. ఆ రెండోసారికి అమ్మ రేపల్లె నుంచి బాపట్ల వచ్చి మా ఇంట్లో పదిహేను రోజులుంది. పెళ్ళయిన తర్వాత నా దగ్గర అన్ని రోజులు ఉండటం అదే మొదటిసారి. రోజూ పొద్దున నేను లేచేసరికి కాఫీ కలిపి ఉంచి, "ఈరోజు ఎలా ఉందే నొప్పి?" అని అడిగేది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పేదాన్ని. కొంచెం ఉంటే కొంచెం, లేకపోతే లేదని. లేదని చెప్పడం మొదట్లో కష్టంగా ఉండేది. చెప్పగానే లేచి వెళ్ళిపోతుందేమోనని. వెళ్ళేది కాదు. అక్కడే కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ చెల్లి గురించి మొదలుపెట్టేది. అది షాపు మళ్ళీ తెరిచిందంట, గిరాకీ బాగుందంట, కొత్త మిషన్ కొంటుందంట.

నేను ఒలిచిన గింజలు గిన్నెలో వేస్తూ వినేదాన్ని. కుళ్ళుగా ఉండేది. అయినా, "ఇంకేం చెప్పింది?" అని అడిగేదాన్ని.